కాశీలో వదిలిన సూది

గొడుగు గుడ్డకు జిగురు అంటదని శ్యామలాదేవికి తెలుసు. వాన నీళ్ళే నిలవని గుడ్డ మీద జిగురేం నిలుస్తుంది? అయినా ఆ మంగళవారం మధ్యాహ్నం అనన్య బడి బట్టల్లోనే వచ్చి, పుల్లలు విరిగిన నల్ల గొడుగొకటి డైనింగు బల్ల మీద పెట్టి, శుక్రవారానికి తనకు గబ్బిలం రెక్కలు కావాలని అడిగితే ఆవిడ కాదనలేకపోయింది.

అనన్య మరిది శశికాంత్ కూతురు. పద్నాలుగేళ్ళది. సింగపూరులో వాళ్ళుండేది వుడ్‌ల్యాండ్స్‌లో, వీళ్ళుండేది యీషున్‌లో. మధ్య రైల్లో నాలుగు స్టేషన్లు. అంత దగ్గరే అయినా ఈ ఏడాదిన్నరలో ఆ పిల్ల ఒంటరిగా పెద్దమ్మ గుమ్మం తొక్కడం ఇదే మొదలు. అమ్మకు చెప్పి వచ్చావా అని శ్యామలాదేవి అడిగింది. "షీ నోస్ లా" అని సింగపూరు ఇంగ్లీషులో అంటూ కళ్ళు పక్కకు తిప్పేసింది అనన్య. చెప్పలేదని అర్థమైంది.

స్నేహితురాలి కాండో అపార్టుమెంటులో హలోవీన్ పార్టీ అట. మిగతా పిల్లలందరూ వేషాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారట. దయ్యాల బట్టలు కొనిపెట్టేది లేదని వాళ్ళమ్మ తెగేసి చెప్పిందట. పెద్దమ్మ తన బ్లాకులో పిల్లలకు సూదీ దారం లేకుండా వేషాలు తయారు చేస్తోందని ఎవరో పెట్టిన ఫోటోలు చూసి వచ్చింది.

ఆ మాట నిజమే. దీపావళి అయినప్పటి నుంచి శ్యామలాదేవి ఇల్లు చిన్న కార్ఖానాలా ఉంది. నల్ల బనీను మీద తెల్ల ఫెల్టు గుడ్డ ముక్కలు అంటించి అస్థిపంజరం చేసింది ఒకడికి. పారదర్శకమైన ప్లాస్టిక్ గొడుగుకు చుట్టూ రిబ్బన్లు వేలాడదీసి, దాని కింద నిలబడితే జెల్లీఫిష్‌లా కనిపించేటట్టు చేసింది ఇంకో పిల్లకు. కార్తీక మాసంలో పొద్దున దీపం పెట్టిన చేత్తోనే మధ్యాహ్నం దయ్యాలకు ఎముకలు అంటించడం ఏమిటని ఆవిడకూ ఒకటి రెండుసార్లు అనిపించింది. చిన్నప్పుడు తమ వీధిలోకి పగటివేషగాళ్ళు వస్తే, మొహానికి మసి పూసుకున్న వాళ్ళ వెనక తామూ పరిగెత్తినవాళ్ళమే కదా అనుకుని, పిల్లల సరదాకు దేవుడు అడ్డు చెప్పడులే అని సర్దుకుంది. కానీ ఆవిడ మనసులో నలుగుతున్న ప్రశ్న అది కాదు. అది వేరే ఉంది.

శ్యామలాదేవి ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. పెళ్ళయి సింగపూరు వచ్చిన మూడో నెలలో భర్త మధుసూదనరావు ఒక పాత కుట్టుమిషను కొనిచ్చాడు. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళవీ తమిళులవీ జాకెట్లన్నీ ఆవిడ చేతిలోంచి వెళ్ళినవే. భుజం చూసి కొలత చెప్పేది. చంక దగ్గర ముడత పడని జాకెట్టు కావాలంటే శ్యామలే కుట్టాలని పేరు. ఆ పని ఆవిడకు బతుకుతెరువు కాదు, ప్రాణం. బట్ట మీద కత్తెర నడుస్తున్నప్పుడు ఆవిడ నోట్లో నామం తిరుగుతూ ఉండేది. జపమాల పట్టుకున్నప్పుడు కూడా మనసు అంత నిలకడగా ఉండేది కాదు.

ఏడాదిన్నర కిందట ఆ ఇంట్లో ఒకేసారి రెండు విశేషాలు వచ్చాయి. ఒకటి మధుసూదనరావు, శ్యామలాదేవి కాశీ వెళ్ళడం. రెండోది అనన్య ఓణీల ఫంక్షను. అనన్య తల్లి, తోడికోడలు రాజకుమారి ఆ ఫంక్షనుకు జాకెట్ల జాబితా వేసింది. మొదట నాలుగన్నది. తర్వాత ఏడయ్యాయి. ఒక్కదానికైనా శ్యామలను ముందుగా అడిగింది లేదు. మా అక్క కుట్టి పెడుతుందని అందరికీ తనే మాట ఇచ్చేసింది.

కాశీ వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైనదేదో అక్కడ వదిలి రావాలంటారు. వదిలాక జన్మలో మళ్ళీ ముట్టకూడదు. మధుసూదనరావు కాకరకాయ వదులుదామని విమానంలోనే నిశ్చయించుకున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి కాకరకాయ నోట పెట్టింది లేదు. శ్యామలాదేవి జామపండు అనుకుంది. జామపండంటే ఆవిడకు నిజంగానే ఇష్టం.

ఘాటు మెట్ల మీద తడిబట్టలతో నిలబడి ఉండగా ఫోను మోగింది. రాజకుమారి గొంతుతో మెసేజి. పిన్నివాళ్ళవి కూడా కలిపితే జాకెట్లు పదకొండయ్యాయనీ, లెహంగా కూడా నువ్వే కుట్టాలనీ చెప్పి, చివర్న నవ్వుతూ, "ఎలాగూ నువ్వు ఖాళీయే కదక్కా" అంది.

ఖాళీ అన్న ఆ మాట శ్యామలాదేవికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సంకల్పం చెప్పించే పంతులుగారు ఏం వదులుతున్నారమ్మా అని అడిగేసరికి, నాలుక మీద ఉన్న జామపండు పోయి, "సూది" అని వచ్చింది. పంతులుగారు రెండోసారి అడిగారు. ఆవిడ రెండోసారీ అదే చెప్పింది. చేతిసంచిలో ఉన్న చిన్న డబ్బాలోంచి సూది తీసి గంగలో వేయబోతే ఆయన కంగారుపడ్డారు. స్నానాలు చేసేవాళ్ళకు గుచ్చుకుంటుందమ్మా, ఇలా ఇవ్వండని తీసుకుని తన సంచి అంచుకు గుచ్చుకున్నారు.

మధుసూదనరావు దిమ్మెరపోయి చూశాడు. ఎంత భక్తో అనుకున్నాడు. ఊరంతా అలాగే అనుకుంది. కాయో పండో వదిలేవాళ్ళే గానీ చేతిలో పనిని వదిలినవాళ్ళను చూడలేదని గుడిలో ఆడవాళ్ళు చెప్పుకున్నారు. అది భక్తి కాదనీ, మండిన కడుపుతో అన్న మాట అనీ శ్యామలాదేవికి తెలుసు, విన్న దేవుడికి తెలుసు. మూడో మనిషికి చెప్పలేదు. చెబితే మధుసూదనరావుకూ శశికాంత్‌కూ మధ్య ఏం మిగులుతుందో ఆవిడకు తెలుసు. తమ్ముణ్ణి చదివించి, వీసా ఇప్పించి, ఈ దేశానికి తెచ్చి నిలబెట్టింది ఆయనే.

రాజకుమారి మాత్రం మొదటి రోజే అనుమానపడింది. పైకి అనలేదు. జాకెట్లన్నీ లిటిల్ ఇండియాలో ఎవరికో ఇచ్చి కుట్టించింది. సగం పాడయ్యాయి. అప్పటి నుంచి ఆవిడ నోట శ్యామలకు నువ్వు పోయి మీరు వచ్చింది.

చేతులు ఊరుకోవు కదా. మిషను ఎవరికో ఇచ్చేశాక నాలుగు నెలలపాటు శ్యామలాదేవి చేతులు చపాతీ పిండిని కూడా కొలిచి కత్తిరించినట్టు వత్తేవి. అప్పుడు పరిచయమైంది అజ్రా. హైదరాబాదీ అమ్మాయి. కింద కమ్యూనిటీ గదిలో శనివారాలు కుట్టు లేకుండా ఇల్లు సర్దుకునే పనులు నేర్పేది. ఇస్త్రీ పెడితే అతుక్కునే టేపుతో కర్టెన్ల అంచులు మడవడం, చతురస్రం గుడ్డను నాలుగు మూలలా ముడివేసి దిండు గలేబు చేయడం, వేడి జిగురు కక్కే గ్లూ గన్‌తో లేసు అంటించడం. సూది లేదు కదా, వ్రతానికి భంగం లేదని శ్యామలాదేవి చేరింది. ఆరు వారాల్లో ఆ ఇంట్లో కర్టెన్లు మారాయి, దిండ్లు మారాయి, బల్ల మీదికి అంచుల గుడ్డ వచ్చింది. ఒక్క కుట్టు లేదు.

హలోవీన్ వేషాల గురించి అడిగితే అజ్రా నవ్వి, "మా ఇంట్లో అవి చెయ్యం ఆంటీ. మీరు చేసుకుంటే చేసుకోండి, గ్లూ స్టిక్కులు నేనే ఇస్తా" అంది. ఆ రోజే శ్యామలాదేవి తన ప్రశ్న బయటపెట్టింది. సూదిని వదిలాను, సూది చేసే పనంతా జిగురుతో చేస్తున్నాను, ఇది వదిలినట్టా వదలనట్టా అని. అజ్రా కొంచెం సేపు ఆలోచించింది. మా దాంట్లో నియ్యత్ చూస్తారు ఆంటీ, పని చేసేటప్పుడు మనసులో ఏమనుకున్నామో అదే లెక్క అంది. ఆ అమ్మాయి మంచికే చెప్పింది. శ్యామలాదేవికి మాత్రం ఘాటు మెట్ల మీద తన మనసులో ఏముందో గుర్తొచ్చింది.

గబ్బిలం రెక్కలకు వద్దాం. గొడుగు గుడ్డను పుల్లల నుంచి విడదీసి, సగానికి కోసి, అంచులు వంపుగా కత్తిరించింది. కత్తెర పట్టుకుంటే ఇంకా అదే నడక. రెండు రెక్కలూ అచ్చం గబ్బిలంవి లాగే వచ్చాయి. నల్ల పొడుగుచేతుల బనీనుకు చంక కింద నుంచి మణికట్టు దాకా వాటిని అతకాలి. ఇస్త్రీ టేపు పెడితే గొడుగు గుడ్డ ముడుచుకుపోయింది. గ్లూ గన్ పెడితే చల్లారగానే పెచ్చులా లేచి వచ్చింది. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పెడితే కొంచెం పట్టింది. ఆ కొంచెం ఎంతసేపు పడుతుందో ఆవిడకు తెలుసు. ఒక్క వరస కుట్టు వేస్తే పదేళ్ళు ఊడదు. సూది కూడా ఇంట్లోనే ఉంది. మధుసూదనరావు ఏడాదిన్నరగా తన చొక్కా గుండీలు తనే కుట్టుకుంటున్నాడు.

గురువారం అనన్య వచ్చి తొడుక్కుని అద్దంలో చూసుకుంది. మొహం వెలిగిపోయింది. పెద్దమ్మను గట్టిగా వాటేసుకుంది. చేతులు మరీ పైకెత్తకు తల్లీ, జాగ్రత్త అని చెప్పి పంపింది శ్యామలాదేవి.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర దాటాక తలుపు చప్పుడైంది. తీస్తే రాజకుమారి. వెనకాల అనన్య, మొహం ఎర్రబడి, కళ్ళు ఉబ్బి.

జరిగింది రాజకుమారే చెప్పింది, చెప్పులు విప్పుతూనే. బడి అయ్యాక ఫోటోల కోసం పిల్లలందరూ వేషాలు వేసుకున్నారట. ఇది చేతులు చాపేసరికి ఎడమ రెక్క చర్రుమని ఊడి కింద పడిందట. ఒకత్తె వీడియో తీసి అందరికీ పంపింది. అది తిరిగి తిరిగి తన ఫోనుకే వచ్చింది. పిల్ల ఇక్కడికి వచ్చి వెళ్తోందన్న సంగతి తనకు అప్పుడే తెలిసింది.

కూర్చోమన్నా కూర్చోలేదు. ప్లాస్టిక్ సంచిలోంచి బనీనూ రెక్కలూ బల్ల మీద కుమ్మరించింది.

"మీ బ్లాకు పిల్లల వేషాలన్నీ గట్టిగానే ఉన్నాయంట. మా పిల్లది ఒక్కటే ఊడిందేం?"

వాటివి నూలు బట్టలు, ఇది గొడుగు గుడ్డ, దీనికి జిగురు పట్టదని శ్యామలాదేవి నెమ్మదిగా చెప్పింది. చేతులు ఎక్కువ ఎత్తొద్దని పిల్లకు చెప్పే పంపానంది.

"చెయ్యెత్తకుండా గబ్బిలం ఎలా అవుద్దండీ?" అంది రాజకుమారి. "పట్టదని తెలిసీ అంటించి పంపారన్నమాట. నాలుగు టాకాలేస్తే పోయేదానికి."

"టాకాలు వెయ్యనని నీకు తెలుసు కదా."

"ఎందుకు తెలీదు, ఊరంతా తెలుసు." రాజకుమారి గదంతా కలియజూసింది. కర్టెన్లు, దిండ్లు, బల్ల మీద గుడ్డ, మూలన ఆరబెట్టిన అస్థిపంజరం. "సూది వదిలేశారు. మరి ఇదంతా ఏంటక్కా? వంకాయ వదిలేశానని చెప్పి పూటపూటా వంకాయ పచ్చడి తిన్నట్టుంది. దేవుడు చూడట్లేదనుకుంటున్నారో ఏంటో."

 శ్యామలాదేవి తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. తన నోట ఉన్నంతసేపు అది ప్రశ్న. ఈవిడ నోట పడేసరికి చెంపదెబ్బలా ఉంది.

అయినా తమాయించుకుంది. పార్టీ ఆరున్నరకు. మీ బావగారి సొరుగులో సూదీ దారం ఉన్నాయి, ఎలా కుట్టాలో నేను చెబుతాను, నువ్వు కుట్టు, అరగంటలో అయిపోతుందంది.

"నన్ను కుట్టమంటారా? నేనిక్కడికి దర్జీపనికి రాలేదు."

"దర్జీపనికి ఎవరూ పుట్టలేదు రాజకుమారీ."

అనేశాక ఆవిడకు తెలిసింది, తన గొంతు ఎంత పదునుగా వచ్చిందో. రాజకుమారి మొహంలో కోపం తగ్గి, దాని స్థానంలో ఇంకేదో వచ్చింది. వెతుకుతున్న వస్తువు దొరికినట్టు.

"అదీ. ఏడాదిన్నర బట్టి ఈ మాట కోసమే చూస్తున్నా." ఒక్కో మాటా ఆగి ఆగి అంటోంది. "అందరూ మీ భక్తి, మీ త్యాగం అంటుంటే నోరు మూసుకుని విన్నా. మా ఆయనైతే వదినంటే దేవతే. సరే, ఒక్క మాట అడుగుతా. ఇలా రండి."

దేవుడి అలమర వంటింటి పక్కనే. పొద్దున పెట్టిన దీపం కొండెక్కింది గానీ పువ్వులు ఇంకా వాడలేదు. రాజకుమారి దాని ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఆ దేవుడి ముందు చెప్పండి. సూది వదిలింది నా మీద కోపంతో కాదని చెప్పండి. ఈ రెక్కలు తీసుకుని పోతా. మళ్ళీ ఈ మాట ఎత్తితే అడగండి."

అనన్య గోడకు ఆనుకుని నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

కాదు అన్నది రెండక్షరాలే. అనేస్తే రాజకుమారి తల దించుకుని వెళ్ళిపోతుంది. ఆదివారం భోజనాలు ఎప్పటిలాగే సాగుతాయి. అన్నదమ్ములు ఎప్పటిలాగే ఒకే సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తారు. ఒక ఇల్లు నిలబెట్టడానికి ఒక అబద్ధం ఆడితే దేవుడు మాత్రం ఏమనుకుంటాడు? ఆవిడ ఆ ఆలోచనను రెండుసార్లు తిప్పి చూసుకుంది. బయట ఎక్కడైనా అయితే అనేసేదేమో. కానీ ఘాటు మెట్ల మీద ఆ మాట ఎలా వచ్చిందో విన్నవాడు ఎదురుగా ఉన్నాడు. ఆయన ముఖం చూస్తూ కాదని చెప్పడం ఆవిడ వల్ల కాలేదు.

"నీ మీద కోపంతోనే వదిలాను" అంది శ్యామలాదేవి. "నేను ఖాళీ అన్నావు. ఆ మెసేజి విని, పంతులుగారు అడగ్గానే సూది అన్నాను. అప్పటిదాకా అనుకున్నది జామపండు."



రాజకుమారి గెలిచింది. గెలిచిన మనిషి మొహంలా మాత్రం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని వెంటనే మింగేసింది. "నాకు తెలుసు" అంది. ఇంకోసారి, "నాకు తెలుసు" అంది. తర్వాత "అయితే ఇంకేం? అది మొక్కు కాదు, నా మీద అలక. నా మీద అలిగి వదిలింది, నేనే ఇస్తున్నా, తీసుకోండి" అని గబగబా వెళ్ళి, బావగారి సొరుగు లాగి, నల్లదారం ఎక్కించి ఉన్న సూది తెచ్చి, శ్యామల చేతికి చాపింది. "కుట్టండి."

శ్యామలాదేవి ఆ సూదిని చూసింది. సన్నని, పొడుగు కన్ను ఉన్న సూది. తను ఎప్పుడూ వాడే నంబరే. మధుసూదనరావు అది ఏరి కొని ఉండడు, పాత డబ్బాలో మిగిలిందే అయి ఉంటుంది. వేళ్ళు వాటంతటవే దగ్గరికి వచ్చాయి. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"కోపంతో ఇచ్చినా ఆయనకిచ్చాను. తిరిగి ఇవ్వడానికి అది నీ దగ్గర లేదు."

"ఆయనకెందుకు ఇలాంటి ఎంగిలి మొక్కు? పోనీ, ఇప్పుడైనా నా మీద కోపం పోయిందా? అదైనా చెప్పండి, ఆయన ముందే ఉన్నారు కదా."

శ్యామలాదేవి తన లోపలికి చూసుకుంది. పోయిందని చెప్పగలిగితే బాగుండేది.

"పోలేదు" అంది.

"నాకూ పోలేదు" అంది రాజకుమారి. సూదిని బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు అనన్య నోరు విప్పింది. ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల తెలుగులో అడిగింది. "పెద్దమ్మా, నా ఫంక్షన్ బ్లౌజ్ అంత టైట్‌గా ఉంది, చెయ్యి పైకి లేవలేదు, అక్షింతలు వేస్తుంటే ఏడుపొచ్చింది. అది దీనివల్లేనా?"

"నీ మీద కోపం కాదమ్మా" అంది శ్యామలాదేవి.

"కానీ వేసుకుంది నేను కదా."

 అనన్య జవాబు కోసం చూడలేదు. గడియారం చూసింది. అయిదు దాటింది. పెదనాన్న చదువుకునే బల్ల దగ్గరికి వెళ్ళి, కాగితాలు పక్కకు తోసి, స్టేప్లర్ తెచ్చుకుంది. బనీనును బల్ల మీద పరిచి, రెక్క అంచు దాని మీద పెట్టి, టక్ అని ఒక పిన్ను కొట్టింది.



రెండో పిన్ను వంకరగా పడింది. మూడోది మొదటిదాని మీదే పడింది. చంక దగ్గర గుడ్డ కుచ్చుగా పోగుపడి ఉబ్బింది. అంచు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. శ్యామలాదేవి చూడలేక కళ్ళు మూసుకుంటే చప్పుడు వినిపిస్తోంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఎన్ని చంకలు సరిచేసిందో. పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో సూది మెరుస్తోంది. దారం ఎక్కించి ఉంది. పది నిమిషాల పని. పిల్ల ఒక్కసారి తలెత్తి తన వంక చూస్తే ఏమవుతుందో ఆవిడకే తెలియదు. అనన్య తలెత్తలేదు.

"పిన్ను కాళ్ళు బయటి వైపుకి వచ్చేలా కొట్టమ్మా" అంది చివరికి శ్యామలాదేవి. "లోపలికుంటే ఒళ్ళు గీసుకుపోతుంది. పైన నల్ల టేపు వేసెయ్యి."

అనన్య బనీను తిరగేసి మిగతా పిన్నులు ఆవిడ చెప్పినట్టే కొట్టింది. టేపు వేసింది. తొడుక్కుని చేతులు పైకెత్తి చూసుకుంది. రెక్కలు వంకరగా ఉన్నాయి గానీ నిలిచాయి.

"ఓకే లా. డార్క్‌లో ఎవరూ చూడరు" అంది, ఎవరితోనూ కాకుండా.

రాజకుమారి కూతురి భుజం మీద రెక్కను సవరించి, కావాలనే కొంచెం గట్టిగా, బ్రహ్మాండంగా ఉందంది. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇవాళ మా ఆయనకు అంతా చెబుతానంది. చెప్పొద్దని శ్యామలాదేవి అడగలేదు. అనన్య వెళ్ళొస్తానని చెప్పకుండానే లిఫ్టు దాకా నడిచింది. లిఫ్టు తలుపులు మూసుకుంటున్నప్పుడు రెక్క అంచు ఇరుక్కోబోతే చటుక్కున లోపలికి లాక్కుంది.

ఇంట్లోకి వచ్చి శ్యామలాదేవి కాళ్ళు చేతులు కడుక్కుంది. సూదిని తీసి, దారం చుట్టి, సొరుగులో పెట్టేటప్పుడు కూడా వేళ్ళకు తగలకుండా కాగితం అడ్డు పెట్టుకుని తీసింది. ఇది మరీ చాదస్తమేమో అనుకుంటూనే తీసింది. కారిడారులో తులసి కుండీ దగ్గర ప్రమిద వెలిగించింది. ఎదురు బ్లాకులో పిల్లలు దయ్యాల వేషాల్లో అప్పుడే అటూ ఇటూ పరిగెడుతున్నారు.

కాశీలో సూదిని వదిలినప్పుడు చేతులకు ఏమీ అనిపించలేదు. నిజానికి ఆ క్షణాన తేలికగా అనిపించింది, ఎవరినో కొట్టినట్టు. ఇవాళ బల్ల దగ్గర నిలబడి కొంగులో చేతులు బిగించుకున్న ఆ పావుగంట మాత్రం ఏదో తన ఒంట్లోంచి తెగిపోయింది. స్వామీ, ఇప్పుడిది నీకు చేరిందా, లేకపోతే ఇందులోనూ పంతమే ఉందా? అడిగింది. ప్రమిద గాలికి ఊగింది, అంతే. గ్లూ గన్ ప్లగ్గు తీసేసి, ఇస్త్రీ టేపు చుట్టలన్నీ అట్టపెట్టెలో వేసింది. ఇవీ వదలాలో, ఇవి ఉంచుకోవచ్చో ఆవిడకు తెలియలేదు. పెట్టె మూత మూయకుండా వదిలేసింది.

మధుసూదనరావు ఏడింటికి వచ్చాడు. కాఫీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, ఘాటు మెట్ల దగ్గర నుంచి స్టేప్లర్ దాకా ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన కాఫీ తాగడం మరిచిపోయి విన్నాడు. 

"ఏడాదిన్నర నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నా" అన్నాడు చివరికి. "ఆఫీసులో కూడా."

"తెలుసండీ."

"కాదని అనేస్తే ఏం పోయేది?"

"ఆయన ముందు అడిగింది" అంది శ్యామలాదేవి.

మధుసూదనరావు అలమర వైపు చూసి, ఆవిడ వైపు చూసి, కప్పు కింద పెట్టాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఆయన ఫోను మోగింది. తెర మీద శశికాంత్ పేరు. ఆయన చెయ్యి చాపి, ఆపేశాడు. ఏం చెప్పమంటావన్నట్టు భార్య వైపు చూశాడు. ఫోను ఆగలేదు.

శ్యామలాదేవి పైట చెంగుకు చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది.

"శశీ, నేను వదినని. రాజకుమారి చెప్పింది నిజమే" అంది.